గంటకు ముప్పయ్యొక్కసార్లు ఆగిన ఊపిరి

రోజు 1

వాసుపల్లి ఎల్లాజీ అను నేను, వయసు నలభై తొమ్మిది, చదువు ఏడో తరగతి రెండుసార్లు, పూర్తి స్పృహలో, ఎడమ చేతిలో వేయించిన నెత్తళ్ల పొట్లం ఉండగా, ఈ కింది శాసనాలు జారీ చేస్తున్నాను. ఒకటి: నడి పడకలో పందొమ్మిదో మంచం పక్కనున్న మూడో కొక్కెం నాది. దానికి ఎవరి తడి లుంగీ వేలాడినా అది సముద్రం పాలగును. రెండు: నా ఎర్ర తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నవారు దానిని ఉతికి, ఆరబెట్టి, క్షమాపణతో సహా మడతపెట్టి ఇవ్వవలెను. మూడు: నా గురకను ‘బార్జీ ఇంజను’ అని పిలుచుట నేటి నుంచి నిషేధం. బార్జీ ఇంజనుకు నడుమ నడుమ ఆగిపోయే జబ్బు లేదు. నాకుంది.

ఆ జబ్బు సంగతి రాయడానికే ఈ చిట్టా. రాయమన్నది ఆరోగ్యం చూసే నసీమా మేడమ్. వారానికోసారి చదివి సంతకం పెడతారట.

ఈ ఏడు నుంచి ఏడాదికోసారి ఊళ్లో అందరి ఊపిరీ లెక్కపెడతారట. తలగడ కింద బొత్తాం అంత ‘పడక చెవి’ పెడతారు. అది నిద్రంతా వింటుంది. దాన్ని తీసుకెళ్లి మేడమ్ పెట్టెలో వేస్తే చీటీ కక్కుతుంది. నా చీటీ మీద పడిన అంకె 31. అంటే నిద్రలో గంటకు ముప్పయ్యొక్కసార్లు నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిందట. క్రేను ఎక్కేవాడికి పదిహేను దాటకూడదు. ఇరవై రెండేళ్లుగా నా మొలతాడుకి వేలాడుతున్న క్రేను తాళాన్ని మేడమ్ అక్కడికక్కడే విప్పించారు. ఆరు నెలల్లో అంకె దిగకపోతే ఆ తాళం వేరేవాడిది. నేను నాచు కోసే గదికి.

“అయితే ఆ ముక్కుకి తగిలించి గాలి ఊదే మర ఇచ్చీండి మేడమ్” అన్నాను.

“అది ఎనిమిది గంటలు కరెంటు తాగుతుంది ఎల్లాజీ గారూ. పడక గదుల్లో కరెంటేది? ఉన్నదంతా ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే మరకే చాలట్లేదు.”

“పోనీ గొంతు కోయించీండి.”

“కోసే ఆసుపత్రి ఒడ్డున కొండమీదుంది. పడవలో పదకొండు రోజులు. మీ గొంతు చూశాను, ముందే కోత అక్కర్లేదు. పొట్ట తగ్గాలి. సారా మానాలి. వెల్లకిలా పడుకోకూడదు. నాలుకకి కండ పట్టాలి. ఇది అందరికీ చాలదు, ముందే చెబుతున్నా. ఆరు నెలల్లో తగ్గలేదా, నేనే మిమ్మల్ని పడవెక్కిస్తా.”

నా నాలుకకి బలం చాలదని అన్న మొదటి మనిషి ఈవిడే.

రోజు 5

మా ఊరు నీళ్ల మీద కట్టిన ఊరు. తెప్పలు ఎక్కువ కావు, మంచాలు అసలే చాలవు. అందుకని మూడు వంతులుగా పడుకుంటాం. నాదీ నా పెళ్లాం దేముడమ్మదీ నడి పడక: పొద్దున్న పదికి ఎక్కాలి, సాయంత్రం ఆరుకి దిగాలి. దిగడం ఒక్క నిమిషం ఆలస్యమైతే తర్వాతి వంతువాడు దుప్పటితో సహా దొర్లించేస్తాడు.

వెల్లకిలా పడుకోకూడదన్నారు కదా, దేముడమ్మ నా బనీను వీపు మీద సంచీ కుట్టి అందులో వలకి కట్టే బెండు పెట్టింది. కొబ్బరికాయంత బెండు. వెల్లకిలా తిరిగితే వెన్నులో పొడుస్తుంది. పక్కకి తిరిగితే ఊరుకుంటుంది. తల వైపు మంచం కోళ్ల కింద చేపల పెట్టె చెక్కలు రెండేసి పెట్టింది.

“ఎలా ఉన్నానే?” అన్నాను.

“తిరగబడిపోయిన తాబేలులాగున్నావు మావా.”

“నీళ్లలో పడినా మునగను చూడు.”

“నీ పొట్టకి బెండెందుకు, ఎలాగూ తేల్తావు.”

ఇది నా పెళ్లాం. నోటికి శాసనాలు లేవు.

రోజు 16

నాచు సారా మానేసి పదకొండు రోజులు. మానేశానని ఇక్కడ ఒక్క ముక్కలో రాశాను కానీ, ఆ ముక్క వెనక పదకొండు సాయంత్రాలున్నాయి. మొదటి మూడూ బుట్టలల్లే గణపతి ముందు కూర్చుని వాడి కబుర్లు విన్నాను. నాలుగో రోజుకి సారా కంటే గణపతే ఎక్కువ తల తిప్పేశాడు.

పొద్దున్న నెత్తళ్ల వేపుడు బదులు ఉడకబెట్టిన నాచు. నాచు తినడం గురించి నేనేమీ రాయను. ఈ చిట్టా ఆడవాళ్లు కూడా చదువుతారు.

నాలుక కసరత్తు వేరే. నాలుకని అంగిట్లో అతికించి వెనక్కి లాగాలి, ఇరవైసార్లు. నోరంతా తెరిచి ‘ఆ’ అనాలి, ‘ఓ’ అనాలి. నీళ్ల వరసలో నించుని చేస్తున్నాను. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి చూసి, బిందె వదిలేసి మొగుణ్ని పిలుచుకొచ్చింది. నాలుక ఎందుకు చాపావని వాడు నిలదీస్తే, గవర్నమెంటు పని మీదున్నానని చెప్పాను.

ఈసారి చీటీ: 27.

రోజు 29

మేడమ్ ఒక పాత పుస్తకంలో చదివారట. శంఖం ఊదేవాళ్లకి గొంతు వెనక కండలు గట్టిపడి, కొందరికి ఈ జబ్బు తగ్గిందట. “కొందరికి అని గుర్తుపెట్టుకోండి” అని వేలు చూపించి మరీ చెప్పారు.

మా ఊళ్లో శంఖం ఒక్కటే ఉంది. సైరనుకి కరెంటు లేదు కాబట్టి ఊరికి కబుర్లన్నీ శంఖమే చెబుతుంది. ఒక్క ఊదు ఊదితే సరుకుల బార్జీ వచ్చిందని. రెండు ఊదితే గాలి లేచింది, తాళ్లు బిగించండని. మూడు ఊదితే ఎవరో పోయారని. అది కోరాడ సూరాయమ్మ చేతిలో ఉంటుంది. ఆవిడకి డెబ్బై ఒకటి. పళ్లు ఆరు. ఊపిరి మాత్రం పది మందికి సరిపడా.

“నాకు నేర్పమ్మా” అని వెళ్లి కూర్చున్నాను.

“నీకెందుకురా? కోతిచేతలన్నీ అయిపోయాయేటి?”

జబ్బు సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. శంఖం కొంగుతో తుడిచి చేతికిచ్చింది. ఊదాను. ఊరవతల ఎక్కడో గేదెకి కడుపునొప్పి వచ్చినట్టు చప్పుడొచ్చింది.

“పొట్టతో ఊదరా, బుగ్గల్తో కాదు. ఆ బుగ్గలు అద్దెకి తెచ్చుకున్నావేటి, అంతలా వాడేస్తన్నావు?”

రోజు 33

ఈ రోజు నేను చచ్చిపోయాను. వివరాలు:

సూరాయమ్మ మంచినీళ్ల వంతుకి వెళ్తూ “ఒక్కసారి, పొడుగ్గా, ఆగకండా ఊదు. బార్జీ ఎలాగూ వస్తంది” అని చెప్పి వెళ్లింది. పొద్దున్న ఏడు. ఎండ బాగుంది. పొట్టతో ఊదాను. మొదట్లో బ్రహ్మాండంగా వచ్చింది. నడుమ ఊపిరి తెగింది. మళ్లీ పట్టాను. మళ్లీ తెగింది. మళ్లీ పట్టాను. నా లెక్కలో అది ఒక్క ఊదే. ఊరి లెక్కలో మూడు.

మా ఊళ్లో ఎవరైనా పోతే ఇంటికో చెంబు మంచినీళ్లు తీసుకుని నడితెప్ప మీదికి రావాలి. రోజుకి మనిషికి నాలుగు చెంబుల నీళ్లిచ్చే ఊళ్లో, పోయినవాళ్లకి మనం ఇవ్వగలిగిన గొప్ప వస్తువు అదే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది: పోయినవాళ్ల పేరున గడప దాటిన నీళ్లు మళ్లీ గడప లోపలికి పోకూడదు.

తల తిప్పేసరికి నూట ముప్పై చెంబులు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని. మగవాళ్లు తలగుడ్డలు తీసేసి.

“ఎవరు పోయారు?” అని అడిగారు ఎవరో.

శంఖం ఇంకా నా మూతి దగ్గరే ఉంది. దించడం మర్చిపోయాను. జనంలోంచి దేముడమ్మ ముందుకొచ్చింది. చెంబు చేతిలోనే ఉంది.

“ఇంకెవరు పోతారు? ఈడి పరువు పోయింది. అదీ ఎప్పుడో పోయింది, కబురు ఇప్పుడొచ్చింది.”

నవ్వాలో తన్నాలో ఎవరికీ తెలియలేదు. నీళ్లు వెనక్కి తీసుకెళ్లడానికి లేదు. పారబోయడానికి చేతులు రావు. అప్పుడే తిరిగొచ్చిన సూరాయమ్మ తీర్పు చెప్పింది:

“శంఖం ఊదింది ఈడు. పోయింది ఈడే అనుకోండి. స్నానం చేయించీండి.”

నూట ముప్పై చెంబులూ నా నెత్తిన పోశారు. తిట్టుకి ఒక చెంబు. మేడమ్, నేను పుట్టి బుద్ధెరిగాక ఒళ్లంతా మంచినీళ్లతో తడవడం ఇదే మొదలు. జుట్టులో ఉప్పు కరకరమనకుండా ఉండటం ఎలా ఉంటుందో ఊళ్లో నాకొక్కడికే తెలుసు. సిగ్గుపడాలని చాలా ప్రయత్నించాను. కుదర్లేదు.

ఇకనుంచి శంఖం మూతిలో తడిగుడ్డ కుక్కి, ఉల్లిపాయల గదిలో తలుపేసుకుని ఊదాలని పెద్దల ఆజ్ఞ.

రోజు 61

బుద్ధి గడ్డి తిన్నది. రాస్తున్నాను.

పోయిన నెల చీటీ 24. అక్కడే కూర్చుంది, కదలదు. నాకు ఓపిక పోయింది. నిన్న పడక చెవి ఇచ్చారు కదా. దేముడమ్మ గురక పెట్టదు, పిల్లిలా పడుకుంటుంది. ఆవిడ మంచం నా పక్కదే, ఇరవయ్యోది. చెవిని తీసి ఆవిడ తలగడ కింద దూర్చాను. చీటీ మీద ‘2’ పడుతుంది, తాళం నా మొలకి వస్తుంది, మేడమ్ మెచ్చుకుంటారు. ఇదీ నా పథకం.

మేడమ్ చీటీ తీసి చాలాసేపు చూశారు.

“ఎల్లాజీ గారూ, నిన్న ఎలా పడుకున్నారు?”

“గుమ్మడికాయలాగ పడుకున్నాను మేడమ్. కదిలితే ఒట్టు.”

చీటీ నా వైపు తిప్పారు. ఊపిరి ఆగినవి: 0. దాని కింద ఇంకో గీత ఉంటుందని నేనెప్పుడూ చూసుకోలేదు. నిద్ర: 1 గంట 10 నిమిషాలు. మెలకువ: 6 గంటల 50 నిమిషాలు.

“ఇది మీ తలగడ కాదు” అన్నారు మేడమ్. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంటికొచ్చి దేముడమ్మని అడిగాను. చేపలు తోముతూ తలెత్తకుండా చెప్పింది.

“నీ ఊపిరి ఆగిపోతే నాకెలా పడతాది నిద్దర? లెక్కెడతాను. పది దాకా ఎడతాను. అప్పటికీ రాకపోతే పక్కకి తిప్పుతాను. బెండు జారిపోతంది, సర్దుతాను.”

“ఎన్నాళ్ల నుంచి?”

“ఎన్నాళ్లేటి? నాలుగేళ్లు.”

“మరి చెప్పలేదేటే?”

“చెప్తే నవ్వించేస్తావు. నవ్వు ఆగాక మళ్లీ లెక్కెట్టుకోవాల. నవ్వడానికి కూడా ఓపికుండాల కదా మావా.”

చేప పొలుసు ఒకటి ఆవిడ చెంపకి అంటుకుని ఉంది. తుడిచాను. నా నాలుకకి బలం చాలదన్న మాట నిజమే.

రోజు 64

చిట్టా చదివి మేడమ్ అంచున ఒక ప్రశ్న రాశారు: ‘ఇంత తొందర దేనికి? పదిహేను అనే హద్దు ఎందుకు పెట్టామో మీకు తెలుసా? రాయండి.’

తెలుసు మేడమ్. ఎనిమిదో తెప్ప మీద గవర్రాజు అని ఒక దున్నపోతు ఉండేవాడు. క్రేను నడిపేవాడే. తిండిపోతు, సారా పీపా, పైగా ఊరందరినీ వెక్కిరించడమే పని. పడకలో ఎనిమిది గంటలు దొర్లేవాడు, లేస్తే మళ్లీ ఆవులింతలు. ఒకరోజు తెల్లారి బార్జీ వచ్చింది. ఉల్లిపాయల మూటలున్న వల పైకి లేపాడు. గాల్లో ఉండగా కునికాడు. చెయ్యి మీట మీంచి జారింది. వల దబ్బున దిగింది. కింద ఒక పెద్దావిడ మంచినీళ్ల కుండతో నడుస్తోంది. జానెడు. జానెడు ఇటు పడి ఉంటే కుండకి బదులు ఆవిడ ఉండేది. కుండ పెంకులైపోయింది. ఆవిడ చతికిలబడి లేచింది, చీర దులుపుకుంది, తాడుని తిట్టింది. గవర్రాజు కూడా పైనుంచి “తాడు జారింది” అని అరిచాడు. అందరూ నమ్మారు.

అలాంటి వెధవలకి తాళం ఇవ్వకూడదనే పదిహేను హద్దు. చాలా మంచి హద్దు.

మేడమ్ ఈ పేజీ కింద ‘చదివాను’ అని మాత్రం రాసి సంతకం పెట్టారు.

రోజు 104

19. బరువు ఏడు కిలోలు తగ్గింది. లుంగీ చుట్టు ఒకటి ఎక్కువ పడుతోంది. ఉల్లిపాయల గదిలో రోజుకి అరగంట శంఖం. ఆ ఘాటుకి ఏడుస్తూ ఊదుతాను. తలుపు సందులోంచి చూసినవాళ్లు నాకు భక్తి ముదిరిందని చెప్పుకుంటున్నారు.

బెండు జారకుండా దేముడమ్మ కాదు, నేనే కుట్టుకున్నాను. నా కుట్లు చూసి ఆవిడ పది నిమిషాలు నవ్వింది. ఓపికొచ్చిందన్నమాట.

రోజు 121

26. గణపతి చెల్లెలి పెళ్లిలో మూడు గ్లాసులు. ‘ఒక్కటే’ అని మొదలుపెట్టాను. బనీను ఎక్కడ విప్పానో తెలియదు. బెండు పెళ్లికూతురి పీట కింద దొరికిందట. ఇంతకంటే రాయను.

రోజు 123

సూరాయమ్మ ఉల్లిపాయల గదికి వచ్చి నా పక్కన కూర్చుంది.

“పెళ్లిలో తాగావంట.”

“తాగాను.”

“ఇంకో రెండు నెలలు తాగకపోతే సచ్చిపోతావేటి?”

“తాగితే పోతానంటున్నారమ్మా మేడమ్.”

“మరి? సులువైన లెక్కే కదరా. ఊదు.”

ఊదాను. ఒక్కసారే, పొడుగ్గా, ఆగకుండా. తడిగుడ్డ శంఖంలోంచి ఎగిరి ఉల్లిపాయల మీద పడింది. కాసేపటికి బయట జనం బుట్టలు పట్టుకుని బార్జీ కోసం పరిగెత్తుతున్న చప్పుడు వినిపించింది. మేమిద్దరం తలుపు గడియ వేసుకుని కూర్చున్నాం.

రోజు 151

14. ఒక అంకె తక్కువ చాలు, చాలు అని నేను. ఆరు నెలలూ నిండాకే తాళం అని మేడమ్. మధ్యాహ్నాలు ఇప్పుడు మధ్యాహ్నాల్లా లేవు. కళ్లు మూస్తే సాయంత్రం. తలనొప్పితో లేవడం ఎప్పుడు ఆగిందో గమనించలేదు. పొద్దున్నపూట కూర్చుని మనిషితో మాట్లాడుతుంటే అవతలివాడి మాట చివరిదాకా వినబడుతోంది. ఇన్నేళ్లూ సగంలోనే కునికేవాణ్ని కాబోలు. గణపతి కబుర్లకి చివర ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

రోజు 180

రెండు చెవులు పెట్టమని నేనే అడిగాను. ఒకటి పందొమ్మిదో మంచానికి, ఒకటి ఇరవయ్యోదానికి.

నాది: గంటకు 9.

దేముడమ్మది: నిద్ర 7 గంటల 25 నిమిషాలు. ఊపిరి ఆగినవి 1. గురక: ఉంది.

“నాకు గురకేటి!” అని చీటీ లాక్కుంది. “ఈ చెవి మారిపోయుంటాది. మారిచింది నువ్వే.”

“ఈసారి కాదే. ఇది నీ సొంత గురక. బార్జీ ఇంజను.”

చీటీని నాలుగు మడతలు పెట్టి రవికెలో దాచుకుంది. సాయంత్రం ఆరింటికి తర్వాతి వంతువాడు వచ్చినా ఆవిడ లేవలేదు. దుప్పటి లాగబోతే వాడి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లి, ఇంకో పావుగంట ఆగమని బతిమాలాను. ఇన్నేళ్లలో నేను ఎవరినీ బతిమాలడం చూడలేదని వాడు ఆగిపోయాడు.

రోజు 181

తాళం కోసం వెళ్తే మేడమ్ ఒక కాగితం ఇచ్చారు. సంతకం పెడితే చాలు. నడుమ ఒక ప్రశ్న: ‘పనిలో ఉండగా ఎప్పుడైనా కునికారా?’ పక్కన రెండు గళ్లు. అవును. లేదు.

కలం పట్టుకుని నించున్నాను. మేడమ్ కిటికీలోంచి సముద్రం వైపు చూస్తున్నారు.

“గంటలో వస్తాను” అని కాగితం మడిచి నేరుగా సూరాయమ్మ దగ్గరికి పోయాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని కొత్త కుండకి ఉట్టి అల్లుకుంటోంది.

“అమ్మా, పోయినేడు ఉల్లిపాయల వల పడింది కదా.”

“పడింది. నా కుండ పోయింది. తాడు పేనిన ఎర్రయ్య నాశనమైపోను.”

“తాడు జారలేదమ్మా. నాను కునికాను.”

అల్లడం ఆగింది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. శంఖంతో కొడుతుందేమోనని ఒకడుగు వెనక్కి వేశాను.

“ఒరే. ఏడాదిగా రోజూ ఆ ఎర్రయ్యని తిడతన్నాను కదరా. ఎదురుపడితే మొకం తిప్పుకుపోతన్నాను. ఆడి కూతురికి పురుడొస్తే కూడా ఎళ్లలేదు.”

“అవునమ్మా.”

“నాకు సెప్పడానికొచ్చావా? ముందెళ్లి ఆడి కాళ్లట్టుకో. తరవాత రా, నీకూ నాకూ లెక్కుంది.”

వెళ్లాను. పట్టుకున్నాను. ఎర్రయ్య అంతా విని, లేచి లోపలికి పోయి, ఆ పాత తాడు తెచ్చి నా ముందు పడేశాడు. ఏడాదిగా దాచుకున్నాడట. ఎక్కడ తప్పు పేనానా అని రోజూ విప్పి చూసుకుంటున్నాడట. తిట్టలేదు. “తాడు బాగుందన్నమాట” అని ఒక్కమాట అన్నాడు. అని, గుమ్మంలో కూర్చుని గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఏడాది నుంచీ ఆగి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చి ‘అవును’ అన్న గడిలో గీత పెట్టి, కింద సంతకం చేశాను. మేడమ్ చదివి డ్రాయరు తీశారు. ముప్పై రోజులు పక్కన ఇంకో మనిషి ఉండాలి, నెలకోసారి చెవి పెట్టాలి, బరువు పెరిగితే తాళం వెనక్కి. ఇవీ షరతులు. తాళం ఇచ్చారు. మొలతాడు వదులైపోయింది, ముడి కొత్తగా వేసుకోవాల్సి వచ్చింది.

చిట్టా మూసే ముందు ఒక దిద్దుబాటు. మన ఊరికి ఉన్నవి ఏడు తెప్పలు. నూట పదిహేడు రోజుల కింద ఎనిమిదో తెప్ప గురించి చదివి సంతకం పెట్టినప్పుడే ఆ సంగతి మీకు తెలుసు మేడమ్. గవర్రాజు అనేవాడు లేడు. వాణ్ని పూర్తిగా నేనే కల్పించాను.